రేడియేషన్‌కి తోడుగా ఏం చేయొచ్చు? ముందు ఆ విటమిన్ డబ్బా పక్కన పెట్టండి

మీ నాన్నగారికి గొంతు క్యాన్సర్ అని, వచ్చే వారం రేడియేషన్ మొదలని, అది ఇంకా బాగా పనిచేయడానికి పక్కన విటమిన్లు, యోగా, ఆక్యుపంక్చర్ లాంటివి చేయించొచ్చా అని అడిగారు. నాకు నాలుక మొదట్లో వచ్చింది. 35 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు. నేను పడ్డదే చెప్తాను.

నా తప్పుతోనే మొదలుపెడతా. చుట్టం ఒకాయన "రేడియేషన్ ఒంట్లో శక్తంతా లాగేస్తుంది, యాంటీఆక్సిడెంట్లు వేసుకో" అన్నాడని విటమిన్ ఇ, సి పెద్ద డోసు క్యాప్సూల్స్ రెండు వారాలు మింగాను. డాక్టరుకి చెప్పలేదు, విటమినే కదా అని. మూడో వారం రివ్యూలో నర్సు ఏమేం వాడుతున్నారని అడిగితే నోరు జారాను, అంతే, అక్షింతలు పడ్డాయి. సంగతేమిటంటే, రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది చాలావరకు ఫ్రీ రాడికల్స్‌ని (కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువుల్ని) పుట్టించి డీఎన్ఏను తెంపడం ద్వారానే, యాంటీఆక్సిడెంట్ పనేమో వాటిని ఆర్పడం. ఒక చేత్తో మంట పెట్టి ఇంకో చేత్తో నీళ్లు చల్లుకున్నట్టు. ఇది ఉత్త భయం కాదు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి వాడినప్పుడు సైడ్ ఎఫెక్ట్స్ తగ్గాయి గానీ, జబ్బు తిరిగొచ్చే ధోరణి మాత్రలు మింగినవాళ్లలోనే ఎక్కువ కనిపించింది, తర్వాత చూస్తే మరణాలు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. పళ్లు, కూరలు మామూలుగా తింటే గొడవేం లేదు. పసుపు సారం, గ్రీన్ టీ సారం అని అమ్మే క్యాప్సూల్స్ మాత్రం ఆయన డాక్టరుని అడక్కుండా వద్దు.

రేడియేషన్ బలం నిజంగా పెరగాలంటే, ఆయనకి అలవాటుంటే సిగరెట్ మాన్పించండి. ఆక్సిజన్ బాగా అందే కణాన్ని చంపడానికి సరిపోయే డోసు, ఆక్సిజన్ అసలు అందని కణానికి రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆ ఆక్సిజన్‌నే తగ్గిస్తుంది. దీని ముందు ఏ మూలికా నిలవదని నా అభిప్రాయం.

నీరసానికి నాకు పనికొచ్చింది నడక. నవ్వకండి, మంచం మీంచి లేవడమే కష్టమైన రోజుల్లో కూడా పది నిమిషాలు నడిస్తే సాయంత్రానికి కాస్త మనిషిలా ఉండేవాణ్ణి. చికిత్స జరుగుతుండగానే వ్యాయామం చేయించమని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా 2022లో చెప్పింది. యోగా, శ్వాస అభ్యాసం నాకు టెన్షన్‌కి, నిద్రకి ఉపయోగపడ్డాయి, అంతకుమించి వాటితో గడ్డ కరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

గొంతు కాబట్టి అసలు యుద్ధం నోటిలోనే. మొదలుకాకముందే పళ్ల డాక్టరుకి చూపించండి. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంట సోడా వేసి రోజుకి చాలాసార్లు పుక్కిలించాలి. నోటి పుండ్లు రాకుండా తక్కువ శక్తి లేజర్ ఇచ్చే చోట్లు ఉన్నాయి, మీ దగ్గర ఉందేమో అడగండి, దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. మింగే వ్యాయామాలు మొదటి రోజు నుంచే చేయించండి, నొప్పి మొదలయ్యాక ఎవరూ చేయరు, నేనూ ఎగ్గొట్టి తర్వాత నెలల తరబడి గట్టివి మింగలేకపోయాను. నోరెండిపోవడానికి ఆక్యుపంక్చర్ కొందరికి పనిచేస్తుంది. నాకు కొద్దిగానే తేడా తెలిసింది, పైగా రక్తకణాలు తగ్గి ఉంటే సూదులు మంచిది కాదు, ముందు అడగాలి.

ఇంకోటి, బరువు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పెట్టే మాస్క్ ఆయన ముఖం కొలతకే చేస్తారు, ఒళ్లు తగ్గితే వదులైపోయి, కిరణాలు ఎక్కడ పడాలన్న ప్లానింగ్ మళ్లీ చేయాల్సి వస్తుంది. కాబట్టి మింగలేకపోతున్న మొదటి రోజే డైటీషియన్‌కి చెప్పండి. ఇప్పుడు ఆయన వాడుతున్న మాత్రలు, పొడులు ఏమున్నా అన్నీ ఒక సంచిలో వేసుకుని వచ్చే వారం డాక్టరు టేబుల్ మీద పెట్టేయండి.