పత్తి చీర అనొచ్చా, నూలు చీర అనాలా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది గాజువాక. ఇంటి దగ్గరే చీరలు అమ్ముతుంటాను. వాట్సాప్ స్టేటస్‌లో వివరాలు తెలుగులోనే పెడదామని మొదలుపెట్టాను. ఒక షాపింగ్ యాప్‌లో చూసి నేనూ ‘100 శాతం స్వచ్ఛమైన పత్తి చీర’ అని పెడితే, మా అత్తగారు ‘పత్తి చీరేంటమ్మా, చేలోంచి తెంపుకొచ్చి కట్టుకుంటామా, నూలు చీర అను’ అన్నారు. పత్తి, దూది, నూలు మూడూ ఒకటే కదండీ? పూజ సామాను చీటీలో ‘ప్రత్తి’ అనీ పేపర్లో ‘పత్తి’ అనీ ఉంటుంది, ఏది రాయాలి? ఇంకొకటి, ‘ఏకు మేకైంది’ అంటారు, అందులో ఏకు అంటే ఒకటి, మేక అంటే జంతువే కదా? ఎవర్నడిగినా తలో మాట చెబుతున్నారు, ఏది పెడితే ఎవరు తప్పు పడతారోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ అత్తగారు చెప్పిందే సరైన మాటమ్మా. పత్తి చీర అని తెలుగువాళ్లెవరూ అనలేదు, కాటన్ అన్న మాటకి నిఘంటువులో మొదట కనబడ్డ అర్థాన్ని తీసుకొచ్చి చీర పక్కన పెట్టేయడం వల్ల ఈమధ్య పుట్టిన మాట అది. ఇంగ్లీషులో చెట్టుమీద ఉన్నా కాటనే, గాయం తుడిచినా కాటనే, ఒంటికి కట్టుకున్నా కాటనే. మనకలా కాదు. చేతులు మారేకొద్దీ పేరు మారుతుంది. చేలో ఉన్నప్పుడూ, ఏరి బస్తాలకెత్తాక కూడా, గింజ లోపల ఉన్నంతవరకూ అది పత్తి. గింజ తీసేస్తే దూది. ఆ దూదిని ఏకి, వేలెడు లావున పొడుగ్గా చుడితే ఏకు. ఏకుని రాట్నం మీద వడికితే నూలు. నూలుని మగ్గం మీద నేస్తే బట్ట. రైతు, దూదేకులవాళ్లు, వడికే ఆడవాళ్లు, నేతపనివాళ్లు ఎవరి చేతిలో ఉన్నప్పుడు వాళ్లు పెట్టుకున్న పేరు దానిది, అందుకే ఇన్ని పేర్లు. చీర దాకా వచ్చేసరికి పత్తి అన్న పేరు ఎప్పుడో వెనకబడిపోయింది.

ఈ తేడా పండితులు కూర్చుని కల్పించింది కాదు, డబ్బుతో ముడిపడ్డది. 2025–26 సీజనుకి పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. అది గింజతో ఉన్న పత్తి ధర. అదే క్వింటాలుని జిన్నింగ్ మిల్లులో పోస్తే బయటికొచ్చే దూది ఇంచుమించు మూడో వంతే, మిగతాది గింజ. మిల్లువాళ్లు కట్టే 170 కిలోల బేలు దూది బేలు, పత్తి బేలు కాదు. పేపర్లో ఒకరోజు పత్తి ధర, ఒకరోజు దూది ధర ‘పత్తి’ అన్న ఒకే పేరుతో వేసేస్తే చదివిన రైతుకి లెక్క తలకిందులైపోతుంది, అందుకే ఈ మాటల విషయంలో నేను కాస్త గట్టిగానే ఉంటాను. గింజకి మాత్రం పత్తి పేరు చివరిదాకా వదలదు చూడండి. పత్తి గింజలు, పత్తి గింజల నూనె, పశువులకి పెట్టే పత్తి చెక్క. ‘పత్తి గింజలు తింటావా బసవన్నా అంటే ఆహా అన్నాట్ట, గంత కట్టనా బసవన్నా అంటే ఊహూ అన్నాట్ట’ అన్న సామెతలో కూడా పత్తి గింజలే, దూది గింజలు అని ఎవరూ అనరు, అనడానికి దూదిలో గింజే ఉండదు.

పత్తికీ దూదికీ తేడా ఇంకా బాగా తెలియాలంటే బూరుగు చెట్టుని తలుచుకోండి. పాడేరు, అరకు వైపు వెళ్తే ఎండాకాలంలో కాయ పగిలి తెల్లగా ఎగురుతూ కనబడుతుంది. దాన్ని బూరుగు దూది అంటాం, బూరుగు పత్తి అనం. జిల్లేడు కాయలోది కూడా దూదే. అంటే పత్తి అనేది ఒక పంట పేరు, దూది అనేది మెత్తగా, తేలిగ్గా, పింజలు పింజలుగా ఉండే ఆ స్థితికి పేరు, అది ఏ చెట్టుదైనా సరే. బూరుగు దూది పీచు మరీ నున్నగా, మెలిక లేకుండా ఉంటుంది, వడికితే పట్టు దొరకదు, అందుకని దిళ్లలోకీ పరుపుల్లోకీ పోయింది గానీ నూలు కాలేదు. పత్తి పీచులో సహజంగానే మెలికలు ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మనిషి బట్ట కట్టింది ఆ మెలికల పుణ్యానే. మెత్తదనం గురించి చెప్పాల్సినప్పుడు మన నోటికి దూదే వస్తుంది, ఇడ్లీలు దూదిపింజల్లా ఉన్నాయంటాం, పత్తిలా ఉన్నాయనం. ఆస్పత్రిలో గాయానికి పెట్టేదీ దూదే. పచ్చి పత్తి పీచు మీద సన్నటి మైనం లాంటి పొర ఉంటుంది, అది నీళ్లని పీల్చదు. క్షారంలో ఉడకబెట్టి ఆ మైనం పోగొట్టి, బ్లీచ్ చేస్తేగానీ రక్తం పీల్చే దూది రాదు. మన రూపాయి నోట్లకి వాడే కాగితం కూడా నూటికి నూరుపాళ్లూ ఈ పీచుతోనే చేస్తారు, తడిసినా చివికిపోకుండా ఉండేది అందుకే.

మరి పూజ సామాను చీటీలో ‘ప్రత్తి’ అని ఎందుకు ఉంటుంది, అందులో ఇచ్చేది గింజ తీసిన దూదే కదా అని మీరు అడగొచ్చు. నిజమే, ఇక్కడ నేను పైన చెప్పిన పద్ధతి తప్పింది. వత్తులకీ, వినాయకుడికి వేసే వస్త్రానికీ, యజ్ఞోపవీతానికీ ఇళ్లల్లో ఆడవాళ్లు పత్తికాయ తెచ్చుకుని, గింజ వాళ్లే తీసుకుని, చేత్తోనే చేసేవారు. పత్తి ఇంట్లోకి పత్తిగానే వచ్చేది కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు విశాఖ పూర్ణా మార్కెట్‌లో పొట్లం కట్టి అమ్మేది దూదే అయినా పత్తి అనే అడుగుతాం. అది తప్పని నేను అనను, వాడుకకి తనదైన కారణం ఉంది. చీర విషయంలో అలాంటి కారణమేదీ లేదు.

ప్రత్తి, పత్తి రెండూ ఒప్పే. తమిళంలో, మలయాళంలో ఇది పరుత్తి, కన్నడంలో హత్తి. మన భాషలో ‘పరు’ లోని రేఫ, అంటే ‘ర’ శబ్దం, ముందుకి జరిగి పకారానికి అంటుకుని ‘ప్రత్తి’ అయింది. తర్వాత్తర్వాత నోటి మాటలో ఆ రేఫ కూడా జారిపోయి పత్తి మిగిలింది. ప్రొద్దు పొద్దు అయినట్టు, క్రింద కింద అయినట్టు, మ్రాను మాను అయినట్టు. విశాఖ నుంచి రాజమండ్రి వెళ్లే హైవేలో వచ్చే ప్రత్తిపాడు పాత రూపాన్ని ఇంకా మోస్తూనే ఉంది. మామూలు రాతలో పత్తి చాలు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఫోన్లో టైప్ చేసేటప్పుడు ‘ప్రత్తి’ కాస్తా ‘పత్రి’ అయిపోతుంటుంది. పత్రి అంటే వినాయక చవితికి తెచ్చే ఆకులు. రెండూ ఒకే చీటీలో ఉంటాయి కాబట్టి చవితి ముందు రోజు షాపువాడికి మెసేజ్ పెట్టేటప్పుడు ఒకసారి చూసుకోండి.

ఇక ఏకు. ఇక్కడ నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇంత అందమైన సామెతలో మేకని తీసుకొచ్చి కట్టేశారు. ఏకు అంటే ఒకటి కాదు, మేకు అంటే మేక కాదు. ఏకు అంటే పైన చెప్పిన దూది చుట్ట, వేలితో నొక్కితే అణిగిపోయేంత మెత్తన. మేకు అంటే ఇనప మేకు, గోడకి కొట్టేది. ఏకులా మెత్తగా వచ్చినవాడు మేకులా గుచ్చుకున్నాడని దాని అర్థం. మరి ఈ అర్థం ఎందుకు మరిచిపోయామంటే, ఏకు మన ఇళ్లలోంచి పోయింది గనక. మిల్లులొచ్చి వడికే పనిని పట్టుకుపోయాక నేతపనివాళ్లు సైతం నూలు కట్టలు కొనుక్కోవడం మొదలైంది. నూలు వడికే కదురూ, ఏకూ కళ్లకి కనబడకపోతే మాట మాత్రం ఎన్నాళ్లు నిలబడుతుంది?

అయితే ఏకు చూడాలంటే మీకు దూరం వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ ఉంది. గాంధీగారిని ఆకట్టుకున్న సన్న ఖద్దరు అక్కడిదే. అక్కడి ఆడవాళ్లు గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముక నిండా సన్నటి పళ్లుంటాయి, చెత్తా నలకా పోయి పీచు అంతా ఒక వరసకి వస్తుంది. తర్వాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టలో పెట్టుకుని, అందులోంచి ఒక్కొక్కటీ తీసుకుంటూ రాట్నం తిప్పుతారు. అలా వచ్చే నూలు వంద కౌంటు దాకా ఉంటుంది. వంద కౌంటు అంటే ఏమిటో లెక్క చెబుతాను. చిలప అంటే నూలు కట్ట, ఒక్కో చిలపకి 840 గజాల నూలు. ఒక్క పౌను బరువులో, అంటే 453 గ్రాముల్లో, అలాంటివి వంద చిలపలు పడితే అది వంద కౌంటు. మొత్తం 84,000 గజాలు, 76 కిలోమీటర్ల పైమాటే. అర కిలో కూడా లేని దూదిని అంత పొడుగు లాగుతారు, అదీ చేత్తో.

ఏకు నామవాచకమే కాదు, క్రియ కూడా. విల్లు లాంటి సాధనానికి బిగించిన తంతిని దూది మీద పెట్టి మీటుతుంటే చిక్కులన్నీ విడిపోయి దూది పొంగుతుంది, ఆ పని ఏకడం. ఆ పని చేసినవాళ్లు దూదేకులవాళ్లు. ‘అసెంబ్లీలో ఏకిపారేశారు’ అని హెడ్డింగులు పెడుతుంటారే, ఆ ఏకడం ఇదే, పోగు పోగునా విడదీసి పడేశారని. దూదేకులవాళ్లకే పింజారీలు అని ఇంకో పేరు. ఆ పేరుని కొందరు తిట్టుగా వాడటం నాకు అస్సలు నచ్చదు. మన పరుపులు మెత్తగా ఉండటానికి దుమ్ము పీల్చుకుంటూ బతికినవాళ్ల పేరు అది, తిట్టుకి వేరే మాటలు వెతుక్కోవచ్చు.

నూలు మాటకొస్తే, తమిళంలో నూల్ అంటే దారమూ, పుస్తకమూ రెండూను. మనం దారం అర్థమే ఉంచుకున్నాం గానీ దానికి బాగా గౌరవం ఇచ్చాం. ‘చంద్రుడికో నూలుపోగు’ అంటాం, నెలవంకకి పాత బట్టలోంచి ఓ పోగు లాగి సమర్పిస్తే కొత్త బట్టలు వస్తాయని నమ్మకం. అక్కడ పత్తీ కాదు, దూదీ కాదు, నూలు. బట్టతో సంబంధం ఉన్న ప్రతిచోటా మనకి నూలే వస్తుంది, నూలు బట్ట, నూలు పంచె, నూలు తువ్వాలు. మన విశాఖ ఓడరేవు చరిత్రలో కూడా ఆ నూలు బట్టే ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు భీమునిపట్నంలో, ఇంగ్లీషువాళ్లు 1682లో విశాఖలో వర్తక స్థావరాలు పెట్టింది ప్రధానంగా ఈ బట్టల కోసమే. ఉత్తర సర్కారుల నుంచి, అంటే మన కోస్తా జిల్లాల నుంచి, ఓడలెక్కిన బట్టకి వాళ్ల లెక్కల్లో పేరు ‘పంజం’. అది మన సాలెవాళ్ల పుంజమే, 120 పడుగు పోగులకి, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులకి, ఒక పుంజం, పుంజాలు ఎక్కువైతే బట్ట అంత చిక్కన. తెలుగు మగ్గం మాట లండన్ దాకా వెళ్లింది. ఇవాళ అచ్యుతాపురంలో వేలమంది ఆడపిల్లలు విదేశాలకి బట్టలు కుడుతున్నారు, వాళ్ల నోట యార్న్, ఫాబ్రిక్ తప్ప నూలు రావట్లేదు. తప్పు వాళ్లది కాదు, వాళ్ల చేతికిచ్చే కాగితాల మీద ఆ మాట ఒక్కచోటైనా ఉంటేగా.

కాటన్ అన్న మాట మీద నాకేమీ కోపం లేదు. అది అరబ్బీలోని ‘ఖుత్న్’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి మన దగ్గరికొచ్చింది, కాటన్ చీర అంటే అందరికీ అర్థమవుతుంది, అలా పెట్టినా తప్పులేదు. (ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇంటిపేరుకి మాత్రం దీంతో సంబంధం లేదు, అది గుడిసెల ఊరు అన్న అర్థంలో వచ్చిన ఊరిపేరు.) కాటన్ అనండి, లేదా నూలు అనండి. మధ్యలో పత్తి వద్దు.

మీ స్టేటస్ కోసం ఇంకో రెండు ముక్కలు. చేనేత అంటే నేత చేత్తో జరిగిందని మాత్రమే, నూలు మిల్లుదైనా కావచ్చు, అసలు పట్టే కావచ్చు. ఖద్దరు అంటే వడకడం, నేయడం రెండూ చేత్తోనే జరగాలి. కాబట్టి మరమగ్గం మీద నేసిన కాటన్ చీరని చేనేత అని పెట్టకండి, కొన్నవాళ్లని మోసం చేసినట్టవుతుంది. పాలిస్టర్ కలిసినదాన్ని కొందరు కలనేత అంటున్నారు, అదీ తప్పే. పడుగు ఒక రంగు, అడ్డంగా వేసే పేక ఒక రంగు వేసి నేస్తే వెలుగు పడ్డప్పుడు రెండు రంగులూ మెరుస్తాయే, అది కలనేత. పాలిస్టర్ కలిస్తే ‘నూలు, పాలిస్టర్ కలిపిన చీర’ అని ఉన్నదున్నట్టు రాయండి. మీరు నాకు ఫొటో పంపిన ఆ నీలం చీర మగ్గం మీదదీ, పూర్తిగా కాటనూ అయితే ‘చేనేత నూలు చీర, 80 కౌంటు’ అని పెడితే సరిపోతుంది. కౌంటు ఎంతో మాత్రం నేసినవాళ్లని అడిగి సరిచూసుకుని రాయండి, అది నేను అంచనాగా వేసిన అంకె.