పదకొండో పేజీ గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. తాతయ్య పాత్ర బాగా కుదిరింది. ఇల్లు అమ్మే సంగతి మీద అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయన చెవిలోంచి వినికిడి మిషను తీసి, పంచె కొంగుతో తుడిచి, చొక్కా జేబులో వేసుకుంటాడు చూడు, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. నాలుగు గొంతులు కలిసిపోతే మిషనున్నా మాటలు విడివిడిగా అందవు. ఆ సంగతి నువ్వు ఎవరినో దగ్గరగా చూసి తెలుసుకున్నావు.

అందుకే పదకొండో పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కడ నీ నాయిక తమ్ముణ్ణి పిలుస్తుంది. వాడు ఫోన్ చూసుకుంటూ పలకడు. "చెవిటి మేళమా! ఎన్నిసార్లు పిలవాలిరా?" అని అరుస్తుంది. వాడు నవ్వుతూ లేచి వస్తాడు, కథ ముందుకు వెళ్ళిపోతుంది. మరి తాతయ్య ఎక్కడున్నాడమ్మా? తొమ్మిదో పేజీలో వార్తలు వినడానికి మిషను పెట్టుకుని అదే హాల్లో, అదే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోబెట్టింది నువ్వే. లేచి వెళ్ళినట్టు ఎక్కడా రాయలేదు. అంటే ఆ మాట ఆయన విన్నాడు. తమ్ముడికి ఏమీ కాలేదు, వాడి చెవులు బాగానే ఉన్నాయి. దెబ్బ ముసలాయనకి తగిలింది. నాయిక చూసుకోలేదంటే కోపంలో ఉంది అనుకుంటాను. రాస్తున్న నువ్వెందుకు చూసుకోలేదు?

ఇలాంటి తిట్లన్నీ ఇంతే. ఎవరిని తిట్టామో వాళ్ళకి తగలవు. చూపున్నవాణ్ణి "గుడ్డోడా, కనపడట్లేదా" అంటే వాడు దులుపుకుని పోతాడు. పక్కన నిజంగా చూపు లేని మనిషి ఉంటే, తన కళ్ళు ఇంకొకరి తప్పుకి కొలతబద్ద అయ్యాయని ఆ క్షణంలో తెలుస్తుంది. పైగా ఆయన ఎదురుతిరగడానికీ లేదు. "నిన్ను కాదండీ అన్నది" అంటారు. ముప్పై ఏళ్ళుగా నేను రాసే ప్రతి గదిలో ఈ మూడో మనిషిని వెతుక్కుంటున్నాను. నువ్వు అడిగిన సలహా ఏదైనా ఉంటే ఇదే.

నాకు ఇది ఒక స్నేహితుడు నేర్పాడు. కాలేజీ హాస్టల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. రాత్రిళ్ళు నేను రాసిన కథలు అతనికి చదివి వినిపించేవాణ్ణి. నచ్చిన వాక్యం వస్తే బ్రెయిలీలో రాసుకునేవాడు. పలకలో మందపాటి కాగితం బిగించి, కుడి నుంచి ఎడమకి ఒక్కో చుక్కా పొడిచేవాడు. కాగితం తిప్పితే అక్షరాలు ఎడమ నుంచి కుడికి వేళ్ళకి అందుతాయి. నేను చదువుతుంటే ఆ టకటక చప్పుడు వినపడిందంటే వాక్యం బాగున్నట్టు. ఒక రాత్రి "ఆమె అతన్ని గుడ్డిగా నమ్మింది" అని చదివాను. చప్పుడు ఆగింది.

"నేను దేన్నీ గుడ్డిగా నమ్మన్రా" అన్నాడు. "గ్లాసు నిండిందో లేదో వేలు పెట్టి చూస్తా. కుర్చీ ఉంది కూర్చోమంటే తడిమి గానీ కూర్చోను. చేతిలో నోటు పెడితే వేళ్ళతో కొలుస్తా. మీరు నమ్మినట్టు నేను నమ్మితే రోజుకోసారి ఎక్కడో పడతా."

గొంతులో కోపం లేదు. నేను పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేశాక తెలిసింది, ఆమె అతన్ని ఎంత నమ్మిందో, ఎలా నమ్మిందో నాకే తెలియదని. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని దాటేశాను. మర్నాడు కూర్చుని "చదవకుండానే సంతకం పెట్టింది" అని రాశాను. ఆ రాత్రి మళ్ళీ చప్పుడు వినపడింది.

నీ నాలుగో పేజీలో "కుంటి సాకులు చెప్పాడు" అని ఉంది. ఏం చెప్పాడు? "బండి పంక్చరైంది, ఫోన్లో చార్జింగ్ లేదు" అన్నాడని రాయి. అది సాకో కాదో నేను తేల్చుకుంటాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని ఏడో పేజీలో రాశావు, తాతయ్య ఉన్న కథలో! ఎవరు ఏం చెప్పారు, ఎవరు పట్టించుకోలేదు, అది రాస్తే చాలు. ఈ మాటలు మనసుని నొప్పిస్తాయన్నది ఒక సంగతి. ఎన్నో నోళ్ళలో అరిగిపోయి, మనం చూడాల్సినదాన్ని చూడకుండా తప్పిస్తాయన్నది ఇంకో సంగతి. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే తప్పు.

"జనం అలాగే మాట్లాడతారు కదండీ, పాత్రోచితంగా రాశాను" అని ఉత్తరంలో ముందే రాసుకున్నావు. ఒప్పుకుంటాను. కోపంలో మనుషులు నీతిపాఠాలు మాట్లాడరు. నీ నాయిక ఆ మాట అననీ. కానీ అన్న తర్వాత తాతయ్య వైపు ఒకసారి తిరుగు. ఆయన చెయ్యి మిషను దగ్గరికి వెళ్ళిందా? వార్తల సౌండు పెంచాడా? ఒక్క వాక్యం చాలు. నాలుగో పేజీ, ఏడో పేజీ సంగతి వేరు. అక్కడ ఆ మాటలు పాత్రలు అన్నవి కావు, నువ్వు అన్నవి. వాటికి పాత్రోచితం అన్న సమాధానం చెల్లదు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా తమ్ముడికి నత్తి. మొదట్లో ఒక కథలో నత్తి ఉన్న గుమాస్తాని పెట్టాను. గంభీరమైన మనిషి, లెక్కల్లో దిట్ట. ఒక వారపత్రిక సంపాదకుడు కథ వెనక్కి పంపుతూ, "నత్తివాడు ఉన్నాడంటే నవ్వు రావాలి కదా, కాస్త కామెడీ కలపండి" అని రాశాడు. అప్పటికి నా కథ ఒక్కటీ అచ్చు కాలేదు. కలిపాను. గుమాస్తా చేత మూడు చోట్ల "బ... బ... బాబుగారూ" అనిపించాను. కథ వచ్చింది, అభినందిస్తూ ఉత్తరాలు కూడా వచ్చాయి. తమ్ముడు ఆ పత్రిక చదివి, జాగ్రత్తగా మడిచి, నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత చాలాకాలం నా ముందు ఫోన్ ఎత్తలేదు. నాకు ఆ సంపాదకుడి మీద కోపం ఇప్పటికీ పోలేదు. నా మీద ఉన్నది కూడా పోలేదు. అలాంటి సంపాదకులు ఇప్పుడూ ఉన్నారు. కాకపోతే ఇప్పటి ఫ్యాషన్ వేరు, కాలు లేని మనిషి చేత కొండ ఎక్కించి స్ఫూర్తి కథ రాయమంటారు. కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడే మామూలు మనిషిగా ఆయన ఉండటానికి వీల్లేదు.

వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అని అడిగావు. నువ్వు ఎవరి గురించి రాస్తున్నావో వాళ్ళని అడుగు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చకపోవచ్చు. వీలైనచోట చూపు లేదు, వినపడదు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది అని ఉన్నది ఉన్నట్టు రాయి. పేరు మార్చినంత మాత్రాన తిట్టు ఆగదు. మనం రోజూ అనే ఇడియట్ ఒకప్పుడు వైద్యుల రికార్డుల్లో మాట. బుద్ధి ఎదుగుదల తక్కువ ఉన్నవాళ్ళని సూచించే మోరాన్ అనే మాటని 1910లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త రోగనిర్ధారణ కోసమే తయారుచేశాడు. బ్రిటన్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి) ఉన్నవాళ్ళ కోసం 1950ల మొదట్లో పెట్టిన సంస్థ పేరులో స్పాస్టిక్స్, అంటే కండరాలు బిగుసుకుపోయేవాళ్ళు, అని ఉండేది. బడిపిల్లలు ఆ మాటనే తిట్టుగా వాడటంతో 1994లో సంస్థ పేరు స్కోప్‌గా మార్చుకున్నారు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడానికి ఇంకొకరి శరీరాన్ని వాడుకునే అలవాటు ఉన్నంతకాలం కొత్త పేరుకీ అదే గతి పడుతుంది.

ఇదేదో ఈ కాలపు సున్నితత్వం అని ఎవరైనా అంటే కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వాక్పారుష్యం, అంటే మాటతో నొప్పించడం, గురించి చెప్పిన చోటు చూపించు. ఒంటికన్నువాణ్ణి, కుంటివాణ్ణి ఆ పేరుతో నిందిస్తే, అది నిజమే అయినా 3 పణాల (పణం ఆనాటి నాణెం) జరిమానా. అబద్ధమైతే 6. "ఎంత అందమైన కళ్ళు" అని వెటకారంగా పొగిడితే 12. నిజం చెప్పాను కదా అన్న వాదన ఆనాడే చెల్లలేదు. కానీ ఆ లెక్కలో కూడా ఉన్నది ఇద్దరే, తిట్టినవాడూ తిట్టు తిన్నవాడూ. పక్కన కూర్చుని విన్నవాడి ఊసు లేదు.

నాకూ తేలనివి ఉన్నాయి. పిచ్చి అనే మాట ఉంది. "పిచ్చితల్లీ" అని ముద్దుగా అంటాం. దాన్ని మన నోటినుంచి తీసేయడం నాకు చేతకాలేదు. కానీ "మెంటల్" అని ఎవరినైనా అనడం పూర్తిగా మానేశాను. నాతో పనిచేసిన ఒకావిడ తన మందుబిళ్ళల్ని విటమిన్ సీసాలో పోసుకుని తెచ్చుకునేది. ఆఫీసులో ఆ మాట పూటకి పదిసార్లు వినపడేది.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించి ఇప్పుడు రాయలేను. నాలుగు, ఏడు, పదకొండు పేజీలు మళ్ళీ రాసి పంపు. తాతయ్య మిషను జేబులో వేసుకున్న చోట మాత్రం ఒక్క అక్షరం కూడా కదపకు.