రెండోసారి భోంచేసిన మొగుడు

ఉత్తరం: "మాది కూకట్‌పల్లి. నాకు 30, ఆయనకి 35. నాలుగేళ్ల బాబు. మామయ్య పోయాక అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు. వచ్చే శనివారం మా ఆరో పెళ్లిరోజు. గచ్చిబౌలి వైపు లైవ్ బ్యాండ్ ఉండే రెస్టోబార్‌కి వెళ్దామనుకున్నాం. ఆయన కొంచెం తాగుతారు, ఆ సంగతి అత్తయ్యకి తెలీదు. అందుకే ఎప్పుడు బయటికెళ్లినా ఆఫీసులో పార్టీ అనో, కొలీగ్ ఇంట్లో ఫంక్షన్ అనో నేనే ఏదో ఒకటి చెప్తాను. పోయినసారి పన్నెండున్నరకి వస్తే అత్తయ్య మేలుకునే ఉన్నారు. 'ఫంక్షన్లో ఏం తిని ఉంటావు' అని చారు వేడిచేసి కంచం పెట్టారు. ఆయన కిక్కురుమనకుండా రెండోసారి భోంచేశారు. గదిలోకొచ్చాక ఇద్దరం ఒకటే నవ్వు. ఈసారి ఏం చెప్తే నమ్ముతారు? కంపెనీకి నన్నూ ఓ గ్లాసు వైన్ తీసుకోమంటున్నారు, తీసుకోనా? లైవ్ మ్యూజిక్ ఉండే చోటికి ఇదే మొదటిసారి. ఎలా ప్లాన్ చేసుకోవాలో కూడా చెప్పండి."

జవాబు:

ఏం చెప్తే నమ్ముతారో నన్ను అడక్కండమ్మా. ఆ సరుకు ఇక్కడ దొరకదు.

అసలు ఆవిడ నమ్మారని మీకెవరు చెప్పారు? అర్ధరాత్రి గుమ్మంలో కొడుకు ముఖం చూసి, కంచం ముందు కూర్చున్న తీరు చూసి, ముద్దకో గ్లాసు నీళ్లు తాగడం చూసి ఏ తల్లికీ ఏమీ తెలియకుండా ఉండదు. తెలిసే ఊరుకుని ఉంటారు. కొడుకుని అడగలేరు, ఎందుకంటే కథ చెప్పింది కొడుకు కాదు, మీరు. ఎప్పుడైనా ఇంట్లో మాటంటూ వస్తే "మావాడికేం తెలీదు, ఆ పిల్లే ఊరంతా తిప్పుతోంది" అనిపించుకునేది మీరే. అప్పుడు మీ ఆయన ఏం చేస్తారో చారు అన్నం రోజునే చూశారు కదా, తలొంచుకుని తింటారు.

ఆ రాత్రి మీకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. పిల్లాణ్ణి తినిపించి పడుకోబెట్టి, తను మేలుకుని, కొడుకు ఆకలితో వస్తాడని స్టవ్ వెలిగించిన మనిషి ఆవిడ. మీకు ఆవిడతో పెద్ద పేచీ ఉన్నట్టు ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. గొడవంతా మీ ఆయనకీ వాళ్లమ్మకీ మధ్య ఉంది. ముప్పై అయిదేళ్లొచ్చి, పెళ్లాంతో కలిసి బయట భోంచేస్తానని తల్లి ముందు నోరు విప్పలేని మనిషి, ఆ పని మీ నెత్తిన పెట్టాడు. మీరు సరదాగా మోస్తున్నారు. దించేయండి.

చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు. పిల్లాణ్ణి ఆవిడకి అప్పగించి వెళ్తున్నారు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో తెలుసుకునే హక్కు ఆవిడకుంది. వెళ్లాలా వద్దా అని తేల్చే హక్కు లేదు. ఎన్ని పెగ్గులు అన్న లెక్క చెప్పాల్సిన పని కూడా లేదు. కానీ "తాగుతావా?" అని ఆవిడ సూటిగా అడిగితే మాత్రం మీ ఆయన "ఎప్పుడైనా కొంచెం" అనాలి. ఆవిడ ఒకట్రెండు రోజులు ముభావంగా ఉంటారు. ఉండనివ్వండి. తండ్రి లేని కొడుకు తాగుతాడని వినడం ఏ తల్లికీ తేలిక కాదు, ఆ మాత్రం బాధపడనివ్వాలి.

శనివారం సాయంత్రం చెప్పులేసుకుంటూ చెప్పే మాట కాదిది. బుధవారంలోగా, మీరు పక్కన లేనప్పుడు, ఆయనే చెప్పాలి: "అమ్మా, శనివారం మా పెళ్లిరోజు. ఇద్దరం బయట భోంచేసి, పాటల ప్రోగ్రాం చూసి వస్తాం. పదకొండున్నరకల్లా ఇంట్లో ఉంటాం. తాళంచెవి మా దగ్గరుంటుంది, నువ్వు మేలుకోకు. మాకేం వండి ఉంచకు." చివరి మాట ముఖ్యం. ఏం తినొస్తారో తెలీకే ఆవిడ చారు పెట్టారు.

ఇక ప్లాను. ముందు ఆ శనివారం డ్రై డే, అంటే మందు అమ్మకూడని రోజు, కాదని చూసుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 అందరికీ గుర్తుంటాయి. బోనాలప్పుడు, గణేశ్ నిమజ్జనం అప్పుడు, పోలింగ్‌కి ముందు కూడా బార్లు మూయిస్తుంటారు, అది ఎవరికీ గుర్తుండదు.

టేబుల్ కోసం యాప్‌లో నొక్కి ఊరుకోకుండా ఫోన్ చేయండి. అడగాల్సినవి ఇవి: బ్యాండ్ ఎన్నింటికి మొదలవుతుంది, ఎక్కడ వాయిస్తారు, లోపలా రూఫ్‌టాప్ మీదా? శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే ఆరుబయట స్పీకర్లు మోగకూడదు. రూఫ్‌టాప్ అయితే మీరు తొమ్మిదిన్నరకి తీరిగ్గా చేరేసరికి అరగంట పాట మిగులుతుంది, బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది. కవర్ ఛార్జీ, అంటే లోపలికి వెళ్లడానికి ముందే కట్టించుకునే డబ్బు, ఎంతో, అది మొత్తం తిండికీ తాగుడికీ సర్దుతారా లేక అందులో కొంత ఎంట్రీ కింద పోతుందా కనుక్కోండి. మీ ఊహకీ బిల్లుకీ తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

టేబుల్ ఎక్కడన్నదే సాయంత్రాన్ని సగం తేలుస్తుంది. కొత్తగా వెళ్లేవాళ్లు స్టేజీ ముందు టేబుల్ అడుగుతారు. అక్కడ స్పీకర్ మోత గుండెల మీద పడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు. సౌండ్ మిక్సర్ పెట్టుకుని ఒకతను కూర్చుంటాడు చూడండి, అతను తన చెవికి వినపడేదాన్ని బట్టే సౌండ్ సరిచేస్తాడు. కాబట్టి పాట సరిగ్గా వినపడేది అతనికి దగ్గర్లోనే. మాటలకి వీలుండాలంటే అక్కణ్నుంచి కొంచెం పక్కకి, గోడ వైపు అడగండి.

ఏడున్నరకల్లా కూర్చోండి. శనివారం తొమ్మిదికి హాలంతా ఒకేసారి ఆర్డర్ ఇస్తుంది, కిచెన్ చేతులెత్తేస్తుంది, స్టార్టర్ బిర్యానీతో కలిసి వస్తుంది. వెళ్లగానే పనీర్ టిక్కానో చికెన్ కబాబో చెప్పండి, అది తిన్నాకే మొదటి గ్లాసు. కడుపులో తిండి ఉంటే మందు నెమ్మదిగా ఎక్కుతుంది. ఉట్టి మసాలా పల్లీలతో మొదలుపెడితే ఉప్పుకి దాహమేసి ఇంకో గ్లాసు లాగిస్తుంది. మెయిన్ కోర్స్ బ్యాండ్ విరామంలో చెప్పేయండి. పాట మధ్యలో వెయిటర్ చెవిలో అరిచి చెప్పిన ఆర్డర్ తప్పుగానే వస్తుంది.

ఇక మీ ఆయన లెక్క. 30 మి.లీ. విస్కీలో, అంటే ఒక చిన్న పెగ్గులో, ఉండే ఆల్కహాల్ ఒక పాలనుకుంటే, 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసా, 8 శాతం రకం, అలాంటివి నాలుగు పాళ్లు. "బీరే కదా" అన్న మాట అక్కడే తేలిపోతుంది. లాంగ్ ఐలాండ్ లాంటి కాక్‌టెయిల్‌లో నాలుగైదు రకాల మందు కలుస్తుంది, తీపి వల్ల తెలీదు. శరీరం గంటకి సుమారు ఒక చిన్న పెగ్గునే అరిగించుకోగలదు. మూడు గంటల సాయంత్రానికి మూడు చిన్న పెగ్గులు చాలు, ప్రతిదాని తర్వాతా ఓ గ్లాసు మంచినీళ్లు. వన్ ప్లస్ వన్ ఆఫర్ జోలికి వెళ్లొద్దు. రెండోది ఊరికే వచ్చిందని తాగేస్తారు తప్ప ఎవరూ వదిలేయరు.

కారు ఇంట్లోనే ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. 70 కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఒక లార్జ్ (60 మి.లీ.) గబగబా తాగినా ఆ హద్దు దాటొచ్చు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సోంపు, లవంగం నమిలితే పోలీసులు ఊదించే మిషన్ మోసపోదు, అది కొలిచేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని. పైగా ఇక్కడ పట్టుబడ్డవాళ్లని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్లతో రమ్మని పిలవడం ఉంది. తల్లికి తెలియకూడదనుకునే మనిషి ముందు దీనికి భయపడాలి. పదకొండు ప్రాంతంలో క్యాబ్ ధర పెరుగుతుంది, మెట్రోని కూడా నమ్ముకోవద్దు. బిల్లు అడిగినప్పుడే క్యాబ్ బుక్ చేయండి.

ఆ బిల్లులో సర్వీస్ ఛార్జీ కనపడితే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు. తిండి మీద జీఎస్టీ ఉంటుంది, మందు మీద ఉండదు. తిండినీ మందునీ విడిగా వేశారో లేదో ఓసారి చూసుకోండి.

పిల్లాడి సంగతికొస్తే, ఆ మోతలో ఫోన్ రింగ్ వినపడదు. వైబ్రేషన్‌లో పెట్టి చేతికి తగిలేలా ఉంచుకోండి, హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు. తొమ్మిదికి విరామంలో బయటికొచ్చి ఒక్కసారి అత్తయ్యకి చేయండి. వెనక నుంచి పాటలు వినపడితే వినపడనివ్వండి, ఈసారి దాచేదేం లేదుగా.

వైన్ ప్రశ్న చిన్నది. మీకు తాగాలనుంటే తాగండి. ఆయన కోసమైతే వద్దు. ఓ 150 మి.లీ. గ్లాసు వైన్ దాదాపు ఒకటిన్నర చిన్న పెగ్గు. మొదటిసారి తాగే మనిషికి అది తక్కువేం కాదు. ఫ్రెష్ లైమ్ సోడాతో కూర్చుంటే కంపెనీ ఇచ్చినట్టు కాదని ఎవరన్నారు? ఇద్దరిలో ఒకరు పూర్తి తెలివితో ఇల్లు చేరితే పిల్లాడికి రాత్రి జ్వరమొచ్చినా చూసుకోవచ్చు.

బుధవారం రాత్రికి కూడా ఆయన తల్లికి చెప్పకపోతే మీరు చెప్పకండి. కొత్త కథా అల్లకండి. టేబుల్ రద్దు చేయండి. పాటే కావాలనుకుంటే బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, అక్కడ మందు ఉండదు, చాయ్ సమోసా ఉంటాయి, ప్రోగ్రాంని బట్టి అత్తయ్యనీ బాబునీ వెంటబెట్టుకునే వెళ్లొచ్చు. గచ్చిబౌలి వాళ్లు ఫోన్‌లో అడ్వాన్స్ అడిగితే, బుధవారం రాత్రి రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారో డబ్బు పంపకముందే మెసేజ్‌లో రాయించుకోండి.