రిమోట్‌తో ఆపి వేసినా స్మార్ట్ టీవీ ఎందుకు మొరాయిస్తూనే ఉంటుంది?

రిమోట్‌తో ఆపినప్పుడు టీవీ పూర్తిగా ఆగదు, స్టాండ్‌బైలోకి వెళ్తుంది అంతే. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే చాలాసార్లు దారికొస్తుంది.

స్మార్ట్ టీవీ లోపల ఉన్నది ఓ చిన్న కంప్యూటరే. మామూలు ధరల్లో దొరికే చాలావాటిలో ర్యామ్, అంటే నడుస్తున్న యాప్‌లను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ, 1 నుంచి 2 జీబీ వరకే ఉంటుంది. రిమోట్ నొక్కితే తెర ఆరిపోతుంది కానీ, మళ్లీ త్వరగా వెలగడం కోసం చాలా టీవీలు ర్యామ్‌లో ఉన్నదాన్ని అలాగే అట్టిపెట్టుకుంటాయి. ఇరుక్కుపోయిన యాప్ కూడా అందులోనే కూర్చుంటుంది. కరెంటు తీసేస్తే అదంతా ఖాళీ. నిమిషం ఆగడం ఎందుకంటే, స్విచ్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో కాసేపు విద్యుత్ మిగిలి ఉంటుంది.

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ అనుకోండి. టీవీ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా దానికి సరఫరా ఆగదు, నెలల తరబడి రీస్టార్టే అయి ఉండకపోవచ్చు. రాత్రి మ్యాచ్ మధ్యలో యాప్ బిగుసుకుపోయింది. అదే వైఫైతో ఫోన్‌లో మ్యాచ్ హాయిగా నడుస్తోందంటే నెట్‌ని తిట్టుకోవడం దండగ. ఫోన్‌లోనూ ఆగిపోతుంటే మాత్రం రౌటర్ సంగతి చూడాలి, అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ చుట్టుపక్కల రౌటర్లతో కిక్కిరిసి ఉంటుంది, టీవీలో ఆ వీలుంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చండి.

చాలామంది ఫ్యాక్టరీ రీసెట్‌నే రీస్టార్ట్ అనుకుంటారు. రీసెట్ చేస్తే మీరు వేసుకున్న యాప్‌లు, లాగిన్‌లు, వైఫై పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోతాయి. స్టోరేజీ నిండిన టీవీకైతే ముందు వాడని యాప్‌లు తీసేయండి, రీసెట్ ఆఖర్న.