ఎండోస్కోపీ ఒకటి చెప్పింది, బయాప్సీ మరొకటి.. ఏది నమ్మాలి?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది కూకట్‌పల్లి. పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. కడుపు ఉబ్బరానికి ఎండోస్కోపీ చేసి ‘అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్’ (జీర్ణాశయం లోపలి పొర పలచబడటం) అన్నారు. బయాప్సీలో ‘అట్రోఫీ (పొర పలచబడటం) లేదు, హెచ్. పైలోరీ (జీర్ణాశయంలో చేరే బ్యాక్టీరియా) లేదు’ అని వచ్చింది. మూడేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటున్నాను. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఏ రిపోర్టు నమ్మాలి?

జవాబు: రిపోర్టుల సంగతి తర్వాత చూద్దాం. అరికాళ్ల తిమ్మిర్ల గురించి చివర్లో ఒక్క ముక్క రాశారు, నాకు ముందు కంగారు పెట్టింది అదే. షుగర్ వల్లా రావచ్చు, నిజమే. కానీ మెట్‌ఫార్మిన్, గ్యాస్ టాబ్లెట్ రెండూ విటమిన్ బి12ను తగ్గించగలవు. జీర్ణాశయం పైభాగపు పొర పలచబడినా బి12 ఒంటికి పట్టదు. ‘షుగరే కదా’ అని వదిలేస్తే నరాలు దెబ్బతింటాయి. ఈ వారంలోనే సీబీపీ (రక్తకణాల లెక్క), బి12 పరీక్షలు చేయించండి. రక్తం ఇచ్చేదాకా బీకాంప్లెక్స్ మొదలుపెట్టకండి.

ఇక మీరు అడిగింది. ఎండోస్కోపీలో డాక్టర్ కంటితో చూస్తారు: పొర పాలిపోయిందా, కింద రక్తనాళాలు కనిపిస్తున్నాయా, అట్రోఫీ ఎంతమేర పాకింది అని. జపాన్ డాక్టర్లు కిమురా, తకెమోటో 1969లోనే దీన్ని దశలుగా విభజించారు. అయితే చూసే కన్నును బట్టి అంచనా మారుతుంది. పొరలోని గ్రంథులు ఎన్ని మిగిలాయో, వాటి చోట పేగు కణాల్లాంటివి వచ్చాయో తేల్చేది బయాప్సీయే. నిర్ధారణకు దాన్నే ఆధారంగా తీసుకుంటాం. కానీ తీసేది ఆవగింజ కంటే కాస్త పెద్ద ముక్క. అట్రోఫీ అక్కడక్కడా మచ్చల్లా ఉంటుంది, ముక్క పక్కనుంచి తీస్తే దొరకదు. అందుకే సిడ్నీ పద్ధతిలో ఐదు ముక్కలు తీయాలంటారు: జీర్ణాశయం కింది భాగంలో రెండు, పైభాగంలో రెండు, మలుపు దగ్గర ఒకటి. మీ రిపోర్టులో ‘యాంట్రమ్’ (కింది భాగం) అని మాత్రమే ఉంటే పైభాగాన్ని చూడనట్టే. ఒంటి రక్షణ వ్యవస్థే పొరపై దాడి చేసే ఆటోఇమ్యూన్ రకం దెబ్బతీసేది ఆ పైభాగాన్నే, బి12 పడిపోవడానికి అదీ ఒక కారణం.

‘పైలోరీ లేదు’ అన్న మాటను ఇప్పుడే నమ్మకండి. ఈ పొద్దున ఓపీలో ఒకాయన చొక్కా జేబులోంచి గ్యాస్ టాబ్లెట్ల స్ట్రిప్ తీశారు, పదిలో రెండే మిగిలాయి. ఎవరు రాశారంటే ‘మెడికల్ షాపాయన ఇచ్చారు’ అన్నారు. ఎండోస్కోపీ చేసిన రోజు కూడా వేసుకునే వెళ్లారట! ఈ మందులు వాడుతుంటే బ్యాక్టీరియా తగ్గి, ఉన్నా లేనట్టు రావచ్చు. పరీక్షకు కనీసం రెండు వారాల ముందు గ్యాస్ టాబ్లెట్, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపాలి. 1994లోనే డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల్లో చేర్చిన బ్యాక్టీరియా ఇది. దయచేసి మూడేళ్లు సొంత వైద్యం చేసుకోకండి.

అలాగని నా జవాబు చదివి మీ అంతట మీరు టాబ్లెట్ ఆపొద్దు, ముఖ్యంగా ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే. రిపోర్టులు, బయాప్సీ స్లైడ్లు తీసుకుని గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి. మళ్లీ ఎండోస్కోపీ కావాలా అన్నది మిమ్మల్ని చూసి వారే చెప్పాలి. నల్లటి విరేచనం, బరువు తగ్గడం, మింగడం కష్టమవడం ఉంటే మాత్రం రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగకండి.