ఎప్పటివో ఒప్పందాలు, ఇప్పుడు చెల్లుతాయా?

ఆదివాసులతో వందేళ్ల కిందట రాసుకున్న ఒప్పందాలకు ఇవాళ్టి అంతర్జాతీయ చట్టంలో విలువ ఉందా అని అడిగారు. ఉంది. కానీ ఆ కాగితం తీసుకెళ్లి నేరుగా కేసు గెలిచేంత కాదు.

నేను న్యూజిలాండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ మా చదువులోనే వైతాంగి ఒప్పందం గురించి చెబుతారు. ఇక్కడి ఆదివాసులైన మావోరీల పెద్దలకూ బ్రిటిష్ రాణి ప్రభుత్వానికీ మధ్య కుదిరింది అది. రోగిని చూసుకోవడానికి 1840 నాటి కాగితంతో ఏం పని అనుకున్నాను మొదట్లో. తర్వాత వెల్లింగ్టన్ జాతీయ గ్రంథాలయంలో అసలు ప్రతులు చూశాను. మసక వెలుతురు, ఎలుకలు కొరికేసిన తోలు పత్రం. కొందరు మావోరీ పెద్దలు ముఖం మీది పచ్చబొట్టు గీతలనే సంతకంగా గీశారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

తగువంతా ఒక మాట దగ్గరే. ఇంగ్లీషు ప్రతి ప్రకారం మావోరీలు సార్వభౌమాధికారం మొత్తం బ్రిటిష్ రాణికి ఇచ్చేశారు. మావోరీ ప్రతి ప్రకారం ఇచ్చింది ‘కావనతంగ’, అంటే పరిపాలించే అధికారం. నేల, ఊళ్లు, తాము విలువగా చూసుకునే వాటన్నిటి మీదా పెత్తనం తమదే. మత ప్రచారకుడు హెన్రీ విలియమ్స్ కొడుకుతో కలిసి రాత్రికి రాత్రి చేసిన అనువాదం అది. సంతకాలు చేసిన పెద్దలు 500 మందికి పైనే. ఇంగ్లీషు ప్రతి మీద చేసింది 39 మంది.

1877లో ఇక్కడి కోర్టు ఈ ఒప్పందానికి చట్టపరంగా విలువే లేదంది. 1928లో పాల్మాస్ దీవి ఎవరిదని అమెరికా, నెదర్లాండ్స్ పడిన తగువు తీర్చిన మధ్యవర్తి మాక్స్ హ్యూబర్ కూడా, ఇలాంటివి అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఒప్పందాలు కావన్నారు. నేల తీసుకునేటప్పుడు సంతకం కావాలి, మాట నిలబెట్టుకోవాల్సి వస్తే ఎదుటివాళ్లది రాజ్యమే కాదు! నాకు కోపం వచ్చేది ఇక్కడే.

2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసింది. అందులో 37వ అధికరణం ఈ ఒప్పందాలను గుర్తించి, పాటించి, అమలు చేయాలంటుంది. వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో న్యూజిలాండ్ ఒకటి, 2010లో మద్దతు తెలిపింది. ప్రకటన కాబట్టి దానంతట అదే దేశాలను కట్టిపడేయదు. అసలు పని ఏ దేశానికి ఆ దేశంలోనే జరగాలి. ఒప్పందాన్ని ప్రభుత్వం మీరిందన్న మావోరీల ఫిర్యాదులను విచారించడానికి 1975లో ఏర్పడిన వైతాంగి ట్రిబ్యునల్ ఆ పనే చేస్తోంది. 1998లో న్గాయ్ తాహు అనే మావోరీ తెగకు ప్రభుత్వం నుంచి 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు, క్షమాపణ దక్కాయి. 1840 ఫిబ్రవరిలో సంతకం చేసిన ఉత్తరాది పెద్దలు సార్వభౌమాధికారం వదులుకోలేదని 2014లో ట్రిబ్యునల్ తేల్చింది. ప్రభుత్వం మాత్రం అధికారం తనదే అంటోంది.

మీరు ఇంకా చదవాలనుకుంటే ఇంగ్లీషు ప్రతితో ఆగకండి. మావోరీ ప్రతిని మావోరీ పండితుడు హ్యూ కఫారు తిరిగి ఇంగ్లీషులోకి తెచ్చారు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.