ప్రజాభిప్రాయ సేకరణ అంటే రెఫరెండమేనా?

సందేహం: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టే ముందు షామియానా వేసి జరిపే సభనూ, 2016లో బ్రిటన్‌లో జరిగిన ఓటింగునూ తెలుగు పేపర్లు 'ప్రజాభిప్రాయ సేకరణ' అనే రాస్తున్నాయి. రెండూ ఒకటేనా? ఒడియాలో 'గణభోట' అంటారు కదా, మనం 'గణఓటు' అనొచ్చా?

సమాధానం: రెండూ ఒకటి కావు. మాట ఒకటే కావడం వల్ల పెద్ద పొరపాటే జరుగుతోంది.

షామియానా కింద జనం మైకు దగ్గరికొచ్చి తమ గోడు చెప్పుకుంటారు. గుమస్తా రాసుకుంటాడు, వీడియో తీస్తారు, ఆ కాగితాలు పైకి వెళ్తాయి. నిర్ణయం మరొకరిది. అక్కడ 'సేకరణ' సరిగ్గా సరిపోతుంది. మండీలో ధాన్య సేకరణ చూస్తూనే ఉంటారుగా! బస్తా తూకమయ్యాక దాన్ని ఏం చేస్తారో రైతు చేతిలో ఉండదు.

రెఫరెండం అలా కాదు. ఆ లాటిన్ మాటకు 'తిరిగి ముందు పెట్టవలసినది' అని అర్థం. ప్రశ్నను జనం ముందు పెడతారు, జనం ఓటు వేస్తారు. బ్రిటన్‌లో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు, 2020లో ఆ దేశం బయటికి వచ్చేసింది. మన దేశంలో 1967 జనవరి 16న గోవా ప్రజలు మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అని ఓటు వేశారు. కలవాలంటే పువ్వు గుర్తు, వద్దంటే రెండాకులు. రెండాకులు గెలిచాయి, గోవా విడిగానే ఉండిపోయింది. చట్టంలో దాని పేరు 'ఒపీనియన్ పోల్' మాత్రమే. అయినా తేల్చింది ఓటరే.

మీ జిల్లాలోనే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ ఖనిజం తవ్వకాలపై గ్రామసభలనే అడగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లిసభలు జరిగాయి (అక్కడ గ్రామసభ పేరు ఇదే; ఈ 'పల్లి' మన పల్లే). జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట డోంగ్రియా కోందు గిరిజనులు, వారి ఇరుగుపొరుగు వారు కొండ తమ దేవుడన్నారు. పన్నెండూ వద్దనే తీర్మానించాయి. 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ బ్యాలెట్ పెట్టెలు లేవు కాబట్టి దాన్ని 'పల్లిసభల తీర్మానం' అనడమే సబబు. కానీ 'అభిప్రాయం సేకరించారు' అని రాస్తే ఆ పల్లెలకు అన్యాయం చేసినట్టే.

'గణఓటు' వద్దు. ఒడియాలో 'గణ' అంటే జనం. తెలుగులో ఆ మాట వినగానే శివగణాలో, గణాచారో గుర్తుకొస్తారు. ఇంగ్లిష్ 'వోట్' ఒడియాలో 'భోట' అయినట్టే, మన దగ్గర 'ఓటు' కావడం మాత్రం సహజం. అచ్చ తెలుగు మాటలు 'వో'తో మొదలుకావు.

నన్నడిగితే 'జనవాక్యం' మంచి మాట. 'జనవాక్యం కర్తవ్యం' అని మన పెద్దలు ఊరికే అనలేదు: జనం చెప్పింది చేసి తీరాలని అందులోనే ఉంది. అది జనం నోట నలిగేదాకా 'రెఫరెండం' అనే రాయండి. 'ప్రజాభిప్రాయ సేకరణ'ను షామియానా సభకే ఉంచండి.